వాయిద్యాలు మాట్లాడుకునే భాష: 'మిడి' ఎలా పనిచేస్తుంది?

1983 జనవరిలో అమెరికాలోని ఆనహైమ్ నగరంలో సంగీత పరికరాల ప్రదర్శన జరిగింది. అక్కడ రెండు సింథసైజర్లను పక్కపక్కన పెట్టారు. ఒకటి అమెరికన్ కంపెనీ సీక్వెన్షియల్ సర్క్యూట్స్ తయారుచేసిన 'ప్రాఫెట్-600'. రెండోది జపాన్ కంపెనీ రోలాండ్ తయారుచేసిన 'జూపిటర్-6'. మార్కెట్లో ఇవి పోటీ కంపెనీలు. వాటి యంత్రాలను ఒక మామూలు కేబులుతో కలిపి ఒకదాని మీటలు నొక్కితే రెండోది కూడా పలికింది. ఆ కేబులులో శబ్దం ప్రయాణించలేదు. ఏ మీట నొక్కారు లాంటి వివరాలు తెలిపే అంకెలు మాత్రమే ప్రయాణించాయి.

ఆ అంకెల భాష పేరు మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్. పొట్టిగా 'మిడి'. నాలుగు దశాబ్దాలు దాటినా అది ఇంకా వాడుకలో ఉంది. ఎలక్ట్రానిక్ కీబోర్డులు, కంప్యూటర్లు, రికార్డింగ్ స్టూడియోలు, రంగస్థల దీపాల నియంత్రణ పరికరాలు దీన్ని అర్థం చేసుకుంటాయి. రెండు యంత్రాలు ఒకదానికొకటి ఆదేశాలు ఎలా పంపుకుంటాయో నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ దొరకడం కష్టం. ఒక భాషలో ఏ మాటలు ఉన్నాయి, ఏవి లేవు అన్నది సంగీతాన్నే ఎలా ప్రభావితం చేస్తుందో కూడా ఇది చూపిస్తుంది.

ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటి?

రెండు వ్యవస్థలు కలిసే చోటును, అక్కడ అవి పాటించే నియమాలను కలిపి ఇంటర్‌ఫేస్ అంటారు. ఇందులో మూడు అంశాలు ఉంటాయి. ఒకటి, భౌతికమైన కలయిక: ఏ ప్లగ్, ఏ తీగ, ఎంత విద్యుత్తు. రెండు, సందేశం రూపం: ఎన్ని అంకెలు, ఏ వరుసలో, ఎంత వేగంతో. మూడు, అర్థం: ఏ అంకె వస్తే ఏ పని చేయాలి. మూడింటిలో ఏ ఒక్కదాని మీద ఒప్పందం లేకపోయినా పరికరాలు పక్కపక్కనే ఉండి కూడా మూగవి అవుతాయి.

1980 నాటికి సింథసైజర్ల పరిస్థితి ఇదే. అప్పట్లో స్వరాన్ని వోల్టేజితో సూచించేవారు. కొన్ని కంపెనీల పద్ధతిలో ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్లేది. మరికొన్ని కంపెనీల పద్ధతిలో వోల్టేజి స్వరం పౌనఃపున్యానికి అనుపాతంలో ఉండేది, అంటే వోల్టేజి రెట్టింపైతేనే స్వరం ఒక స్థాయి పెరిగేది. మొదటి రకం యంత్రాన్ని రెండో రకానికి కలిపితే అపస్వరాలు పలికేవి. డిజిటల్ పద్ధతులు వచ్చాక కూడా ఏ కంపెనీ ప్లగ్ ఆ కంపెనీదే. సంగీతకారుడు ఒక కంపెనీ పరికరం కొంటే మిగతావన్నీ అదే కంపెనీవి కొనుక్కోవాల్సి వచ్చేది.

పోటీదారుల మధ్య ఒప్పందం

రోలాండ్ సంస్థాపకుడు ఇకుతారో కాకెహాషి, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థాపకుడు డేవ్ స్మిత్ ఈ చిక్కును విప్పడంలో ముఖ్యపాత్ర వహించారు. 1981లో స్మిత్, తన సహోద్యోగి చెట్ వుడ్‌తో కలిసి, అన్ని సింథసైజర్లకూ పనికొచ్చే ఒకే ఇంటర్‌ఫేస్‌ను ప్రతిపాదిస్తూ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ సమావేశానికి పత్రం సమర్పించారు. ఆ తర్వాత జపాన్‌కు చెందిన రోలాండ్, యమహా, కోర్గ్, కవాయ్ కంపెనీలతో చర్చలు సాగాయి. 1983లో ప్రమాణం మొదటి రూపం వెలువడింది.

ఈ ప్రమాణాన్ని వాడుకోవడానికి ఎవరూ ఎవరికీ రుసుము చెల్లించనక్కర్లేదు. కావలసిన విడిభాగాలూ చవకైనవే. అందువల్ల చిన్న కంపెనీలు కూడా వెంటనే చేరాయి. 1985లో వచ్చిన 'అటారి ఎస్‌టీ' కంప్యూటర్‌కు మిడి ప్లగ్గులు పుట్టుకతోనే ఉన్నాయి. ఈ కృషికి గుర్తింపుగా 2013లో స్మిత్, కాకెహాషిలకు సాంకేతిక విభాగంలో గ్రామీ పురస్కారం లభించింది.

మూడు బైట్ల మాట

మిడి సందేశాల్లో అతి ముఖ్యమైనది 'స్వరం మొదలు'. కీబోర్డు నడుమ ఉండే 'సి' స్వరం మీటను నొక్కితే కేబులులో మూడు అంకెలు వెళ్తాయి: 144, 60, 100.

మొదటి అంకె 144. బైనరీలో రాస్తే 10010000. ఇందులో మొదటి నాలుగు బిట్లు 1001 'స్వరం మొదలుపెట్టు' అనే ఆదేశం. చివరి నాలుగు బిట్లు 0000 చానల్ సంఖ్య. నాలుగు బిట్లతో 16 సంఖ్యలు వస్తాయి కాబట్టి ఒకే కేబులు మీద 16 చానళ్లు నడపవచ్చు. వేణువుకు ఒకటి, వయొలిన్‌కు ఒకటి, తాళవాద్యాలకు మరొకటి కేటాయించవచ్చు. ప్రతి పరికరం తన చానల్‌కు వచ్చిన సందేశాన్నే పట్టించుకుంటుంది.

రెండో అంకె 60 స్వరం సంఖ్య. స్వరాలకు 0 నుంచి 127 వరకు సంఖ్యలు ఇచ్చారు. 69వ స్వరం సాధారణంగా సెకనుకు 440 కంపనాలు చేసే 'ఎ'. ఒక స్థాయిలో 12 మెట్లు. మూడో అంకె 100 మీటను ఎంత వేగంగా నొక్కారో చెబుతుంది. వేగంగా నొక్కితే స్వరం గట్టిగా పలకాలని దాని అర్థం. మీట వదిలినప్పుడు 'స్వరం ముగింపు' సందేశం వెళ్తుంది: 128, 60, 64. చివరి అంకె మీటను వదిలిన వేగం. చాలా పరికరాలు దాన్ని పట్టించుకోవు.

స్వరాల సంఖ్యలు 127తోనే ఎందుకు ఆగాయి? బైటులో 8 బిట్లు ఉంటే 255 దాకా లెక్కించవచ్చు కదా? ఇక్కడే రూపకర్తల ముందుచూపు కనిపిస్తుంది. మొదటి బిట్టు 1 అయితే అది ఆదేశం, 0 అయితే అది వివరం అని నియమం పెట్టారు. అందువల్ల వివరాలకు ఏడు బిట్లే మిగిలాయి. ఏడు బిట్లతో 128 విలువలే సాధ్యం. దీనికి బదులుగా ఒక లాభం దక్కింది. సందేశాల ప్రవాహం మధ్యలో కేబులు కలిపినా, ఏది కొత్త ఆదేశమో యంత్రం వెంటనే గుర్తుపట్టగలదు.

వేగం, వెలుతురు

మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. పది లక్షలను 32తో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. ఆనాటి చిప్పుల్లో మెగాహెర్ట్జ్ గడియారాన్ని సులువుగా విభజించి ఈ వేగాన్ని తేవచ్చు. మొదలును, ముగింపును తెలిపే బిట్లతో కలిపి ఒక్కో బైటుకు 10 బిట్లు పడతాయి. కాబట్టి సెకనుకు 3,125 బైట్లు. మూడు బైట్ల సందేశానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది.

సీడీలో శబ్దానికి సెకనుకు 14,11,200 బిట్లు కావాలి. మిడి గరిష్ఠ వేగానికి ఇది 45 రెట్లు. శబ్దాన్ని పంపకుండా 'ఈ స్వరం పలుకు' అనే ఆదేశాన్ని పంపడం వల్లే 1980ల నాటి చిన్న కంప్యూటర్లు కూడా ఒక వాద్యబృందాన్ని నడపగలిగాయి. వంటకాన్ని మోసుకెళ్లే బదులు వంట చేసే విధానం రాసిన చీటీని పంపడం లాంటిది ఇది. చీటీ తేలిక. అయితే రుచి అవతలి వంటగదిని బట్టి ఉంటుంది. ఒకే మిడి ఫైలు ఒక యంత్రంలో ఇంపుగా, మరో యంత్రంలో చవకబారు బొమ్మలా వినిపించడానికి కారణం ఇదే.

భౌతికమైన కలయికలో మరో తెలివైన ఏర్పాటు ఉంది. రెండు విద్యుత్ పరికరాలను తీగతో నేరుగా కలిపితే వాటి భూసంధానాల తేడా వల్ల స్పీకర్లలో 'గుయ్'మనే రొద రావచ్చు. దీన్ని తప్పించడానికి అందుకునే పరికరంలో ఒక చిన్న దీపాన్ని, దాని ఎదురుగా వెలుతురును గుర్తించే చిప్పును పెట్టారు. తీగలో వచ్చిన విద్యుత్తు దీపాన్ని వెలిగించి ఆర్పుతుంది. అవతలి చిప్పు ఆ మిణుకులను చదువుతుంది. ఆ విధంగా రెండు పరికరాల విద్యుత్ వలయాలు ఒకదాన్నొకటి తాకకుండానే సందేశం దాటుతుంది.

సందేశం తప్పిపోతే?

పాత మిడి కేబులులో సందేశాలు ఒకే దిశలో వెళ్తాయి. 'అందింది' అని చెప్పే మార్గం అందులో లేదు. దీనివల్ల ఒక వింత ఇబ్బంది వస్తుంది. మీట నొక్కిన సందేశం చేరాక కేబులు ఊడిపోయిందనుకుందాం. మీట వదిలిన సందేశం ఇక ఎప్పటికీ చేరదు. వేణువు, ఆర్గన్ లాంటి స్వరమైతే ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కచేరీ మధ్యలో ఇలా జరిగితే వేదికంతా ఇరకాటంలో పడుతుంది.

దీనికి రెండు విరుగుళ్లు ఉన్నాయి. ఒకటి 'అన్ని స్వరాలూ ఆపు' అనే సందేశం. దాని సంఖ్య 123. రెండోది 'నేను ఉన్నాను' అని తెలిపే 254 అనే సంకేతం. దీన్ని వాడే పరికరం, వేరే సందేశాలేవీ లేనప్పుడు కూడా, సెకనులో మూడో వంతు లోపే మళ్లీ మళ్లీ పంపుతుంది. అది ఆగిపోతే కేబులు తెగిందని భావించి రెండో పరికరం స్వరాలన్నింటినీ ఆపేస్తుంది. కంప్యూటర్ నెట్‌వర్కులలో కూడా ఇదే ఉపాయం కనిపిస్తుంది. మౌనాన్ని కూడా ఒక సమాచారంగా తీసుకోవడం దీని కిటుకు.

కంప్యూటర్‌లో, టీవీలో ఇదే సూత్రం

యంత్రానికి పనిని వివరించకుండా ఆదేశం ఇస్తే చాలు అన్న ఆలోచన ఇతర చోట్లా అమలైంది. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి రూపొందించిన 'మీడియా కంట్రోల్ ఇంటర్‌ఫేస్' అలాంటిదే. అంతకు ముందు ప్రోగ్రాం రాసేవారు ఒక్కో సౌండ్ కార్డు లోపలి అమరికను తెలుసుకోవాల్సి వచ్చేది. కొత్త పద్ధతిలో 'ఓపెన్', 'ప్లే', 'పాజ్', 'స్టాప్', 'క్లోజ్' అనే మాటలు పంపితే చాలు. పలికేది సీడీ అయినా, రికార్డు చేసిన శబ్దమైనా, మిడి ఫైలైనా మాటలు అవే. ఆయా పరికరానికి తగ్గట్టు మార్చే పని డ్రైవర్ చూసుకుంటుంది.

ఇందులో జవాబుకు కూడా చోటుంది. పాట పలకమని చెప్పిన ప్రోగ్రాం, అది అయ్యేదాకా ఆగి ఉండవచ్చు. లేదా 'అయ్యాక కబురు పెట్టు' అని చెప్పి తన పని తాను చేసుకోవచ్చు. పాట ముగిశాక విండోస్ ఒక సందేశం పంపుతుంది. హోటల్లో కౌంటరు దగ్గరే నిలబడటానికి, టోకెన్ తీసుకుని కూర్చోవడానికి ఉన్న తేడా ఇదే. ఈ ఇంటర్‌ఫేస్ ఇప్పుడు పాతబడింది కానీ, ఈ రెండు పద్ధతులూ నేటి సాఫ్ట్‌వేర్‌లోనూ కొనసాగుతున్నాయి.

ఇంట్లో టీవీకి, వీడియో ప్లేయర్‌కు కలిపే హెచ్‌డీఎంఐ కేబులులోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. బొమ్మ, శబ్దం అత్యంత వేగంగా కొన్ని తీగల్లో వెళ్తుంటే, నియంత్రణ సందేశాలు వేరే ఒకే ఒక తీగలో సెకనుకు కొన్ని వందల బిట్ల వేగంతో మాత్రమే నడుస్తాయి. ఈ ఏర్పాటు పేరు కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ కంట్రోల్. ప్రతి సందేశం ముందు పంపేవారి చిరునామా, అందుకోవాల్సినవారి చిరునామా ఉంటాయి. టీవీ చిరునామా 0. అందరికీ చెప్పాలంటే 15. టీవీ ఆపగానే ప్లేయర్ కూడా నిద్రలోకి జారుకోవడం ఈ తీగ చలవే. ఇక్కడ అందుకున్న పరికరం ప్రతి బైటుకూ 'అందింది' అని గుర్తు పెడుతుంది. మిడిలో లేని సౌకర్యం ఇది.

సంఖ్యలకు అందని గమకం

ఏ భాషలోనైనా ఉన్న మాటలతోనే సంభాషణ సాగాలి. మిడి భాషలో స్వరం అంటే ఒక మీట. నొక్కినప్పుడు మొదలవుతుంది, వదిలితే ముగుస్తుంది. మధ్యలో స్వరం కదలాలంటే వేరే సందేశం కావాలి. పియానోకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోయింది. కర్ణాటక సంగీతానికి సరిపోలేదు.

ఆరభి, దేవగాంధారి రాగాలను చూడండి. రెండింటి ఆరోహణ, అవరోహణలలో ఉండే స్వరాలు ఒకటే. మిడి స్వర సంఖ్యలుగా రాస్తే రెండూ ఒకే వరుస. వినేవారికి మాత్రం అవి వేర్వేరు రాగాలు. ఆ తేడా గమకాల్లో, నడకలో, స్వరాన్ని ఎక్కడ ఎంతసేపు నిలుపుతారన్న దానిలో ఉంది. తోడి రాగంలోని గాంధారాన్ని కదిలించకుండా తిన్నగా మీట నొక్కి పలికిస్తే, సంఖ్య సరిగ్గానే ఉన్నా తోడి వినిపించదు.

మిడిలో స్వరాన్ని కదిలించడానికి 'పిచ్ బెండ్' సందేశం ఉంది. కీబోర్డు ఎడమ పక్కన ఉండే చక్రాన్ని తిప్పితే ఇది వెళ్తుంది. రెండు బైట్లు కలిపి 14 బిట్లతో 16,384 మెట్లు ఇచ్చారు. నడుమ విలువ 8,192 అంటే కదలిక లేదని అర్థం. సాధారణంగా ఇది స్వరాన్ని రెండు స్వరస్థానాల మేర పైకి, అంతే కిందికి జరుపుతుంది. కర్ణాటక సంగీతాన్ని కీబోర్డు మీద వాయించేవారు కుడి చేత్తో మీటలు, ఎడమ చేత్తో ఈ చక్రం నడుపుతారు. సూక్ష్మతకు లోటు లేదు. చిక్కు మరోచోట ఉంది.

పిచ్ బెండ్ ఒక స్వరానికి వర్తించదు. ఆ చానల్‌లో మోగుతున్న స్వరాలన్నింటికీ వర్తిస్తుంది. శ్రుతి కోసం అదే చానల్‌లో షడ్జాన్ని మోగిస్తూ గాంధారానికి గమకం వేస్తే, కదలకూడని షడ్జం కూడా గాంధారంతోపాటు ఊగుతుంది. శ్రుతిని వేరే చానల్‌లో పెడితే ఇది తీరుతుంది. అయితే వేగం కూడా ఒక హద్దే. ఒక గమకాన్ని నునుపుగా పలికించడానికి సెకనుకు 200 పిచ్ బెండ్ సందేశాలు పంపుతున్నారనుకుంటే, మూడేసి బైట్ల చొప్పున 600 బైట్లు అవుతాయి. కేబులు మొత్తం సామర్థ్యంలో అది సుమారు అయిదో వంతు. అలాంటి గొంతులు అయిదు కలిస్తే స్వరాల సందేశాలకు దారే మిగలదు.

వాయిద్యాల జాబితాలోనూ ఇలాంటి లోటే కనిపిస్తుంది. 1991లో వచ్చిన 'జనరల్ మిడి' నియమం ఏ సంఖ్యకు ఏ వాయిద్యం పలకాలో నిర్ణయించింది. ఒకటో సంఖ్య పియానో. మొత్తం 128 చోట్లలో సితార్‌కు 105, షెహనాయికి 112 దక్కాయి. వీణకు చోటు లేదు. తాళవాద్యాల పట్టికలో మృదంగం, తబలా లేవు. వాటిని పలికించాలంటే ఆ ధ్వనులను విడిగా చేర్చుకోవాలి. అలా చేర్చి తయారుచేసిన ఫైలును మరొకరి యంత్రంలో పెడితే అదే ధ్వని వస్తుందన్న హామీ ఉండదు. రూపకర్తలకు దురుద్దేశం ఉందని చెప్పడానికి ఇదేమీ ఆధారం కాదు. 128 చోట్లను పంచేటప్పుడు వారికి తెలిసిన మార్కెట్ అవసరాలే కళ్ల ముందు ఉన్నాయి. కాని ఒకసారి ప్రమాణంలోకి ఎక్కిన పట్టిక దశాబ్దాల పాటు కోట్ల పరికరాల్లో అలాగే ఉండిపోతుంది.

కొత్త మాటలు

2018లో ఆమోదం పొందిన 'మిడి పాలిఫోనిక్ ఎక్స్‌ప్రెషన్' పద్ధతి పాత సందేశాలతోనే కొత్త ఉపాయం పన్నింది. ప్రతి స్వరానికీ తాత్కాలికంగా ఒక సొంత చానల్ ఇస్తుంది. దానితో ప్రతి వేలి కింద ఉన్న స్వరం విడిగా కదలగలదు. మెత్తటి ఉపరితలం మీద వేలిని జరిపి, అదిమి వాయించే కొత్త తరహా కీబోర్డులకు ఇది ఆధారం.

2020 జనవరిలో మిడి రెండో రూపం ఆమోదం పొందింది. ఇందులో పిచ్ బెండ్‌ను నేరుగా ఒక్కొక్క స్వరానికీ పంపవచ్చు. మీట వేగానికి 128 మెట్లకు బదులు 65,536 మెట్లు వచ్చాయి. చానళ్లు 16 నుంచి 256కు పెరిగాయి. అన్నింటికంటే పెద్ద మార్పు రెండు వైపులా సంభాషణ. పరికరాలు ముందుగా 'నీకు ఏమేం వచ్చు?' అని అడిగి తెలుసుకుంటాయి. అవతలి నుంచి జవాబు రాకపోతే అది పాత పరికరమని గ్రహించి మొదటి రూపంలోనే మాట్లాడతాయి. అందుకే 1983 నాటి కీబోర్డును పారేయాల్సిన పని లేదు. పాతదాన్ని పనికిరాకుండా చేయకుండా కొత్తదాన్ని చేర్చడం, యంత్రాలు చెత్తకుప్పల్లో చేరుతున్న ఈ రోజుల్లో, చిన్న విషయం కాదు.

ఈ మార్పులతో గమకం దానంతట అదే పలకదు. స్వరం ఎలా కదలాలో తెలిసినవారు ఆ కదలికలను నేర్పుగా పంపాలి, అందుకునే పరికరం వాటిని నమ్మకంగా పలికించాలి. ప్రమాణం చేసింది దారి తెరవడం వరకే. ఆ దారిలో వీణ నడిచేలా ధ్వనులను, సాఫ్ట్‌వేర్‌ను, వాయించే పరికరాలను తయారుచేసే పని సంగీతం, ఇంజినీరింగ్ రెండూ తెలిసిన వారిది.

ఏ ఇంటర్‌ఫేస్‌ను పరిశీలించినా మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఇందులో ఏం చెప్పవచ్చు? చెప్పింది చేరకపోతే ఏమవుతుంది? దీన్ని వాడుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? మూడో ప్రశ్నకు మిడి ఇచ్చిన జవాబు 'ఎవరిదీ అక్కర్లేదు' అని. అది నలభై ఏళ్లకు పైగా నిలవడంలో ఆ జవాబుకు పెద్ద వాటా ఉంది. మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబులో ఉన్న లోటును సరిదిద్దడానికి 35 ఏళ్లు పట్టింది. కొత్త ప్రమాణాలు రాసేటప్పుడు ఎవరి స్వరాలు లెక్కలోకి రాలేదో మొదటే చూసుకుంటే, ఆ ఆలస్యం కొంతైనా తగ్గుతుంది.